ఓడినోడు లేవాలె

నన్ను ఒక చాట్ రూము నుంచి వెళ్లగొట్టారు. తొంభైల చివర్లో, నల్లగొండలో గడియారం స్తంభం దగ్గర ఇంటర్నెట్ సెంటర్ పెట్టిన కొత్తలో జరిగిన ముచ్చట ఇది. వీడియో గేములు ఆడేవాళ్లంతా పోగయ్యే రూము అది. ఎక్కడెక్కడి వాళ్లమో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకుంటూ ఏ గేము గొప్పది, ఏ స్టేజి ఎట్లా దాటాలి అని గంటలు గంటలు కొట్లాడుకునేవాళ్లం. అసలు పేర్లు ఎవరికీ తెలియవు, మొహాలు అసలే తెలియవు. అందుకే నాకు ఆ రూమంటే ప్రాణం. మొహం కనబడని చోట ఎవరూ ఎవరి మీదా జాలిపడరు. ఆట వస్తే వచ్చినట్టు, రాకపోతే రానట్టు.

ఒకనాడు అందులో ఒకతను తన ఇంటి సంగతి రాశాడు. వాళ్ల తమ్ముడికి చిన్నప్పటి నుంచి కాలు సరిగ్గా లేదట. తమ్ముడితో ఆడేటప్పుడు తను కావాలనే ఓడిపోతాడట. వాడి మొహంలో సంతోషం చూస్తే కడుపు నిండుతుందట. రూములో అందరూ మురిసిపోయారు. అన్నంటే నువ్వే అన్నారు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. నోటికొచ్చినట్టు తిట్టాను. కీబోర్డు మీద నేను కొట్టిన దెబ్బలకు పక్క కుర్చీ అతను లేచి వేరే కుర్చీకి పోయాడు. రూము నడిపేవాడు నన్ను బయటికి నెట్టేశాడు, మళ్లీ రానివ్వలేదు.

అప్పటికి మా అన్న చనిపోయి ఏడాది కూడా కాలేదు. ఆ సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే నా మీద కూడా జాలిపడేవాళ్లు. వాళ్లకు అప్పుడు చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను.

అన్న, నేను ఒక్క కడుపున పుట్టాం కానీ ఒక్క నీళ్లు తాగి పెరగలేదు. మా ఊరు దేవరకొండ పోయే తొవ్వలో ఉంటుంది. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడు. చూడడానికి తేటగా ఉంటాయి, తాగితే తియ్యగానే ఉంటాయి, లోపల ఎముకలను పట్టుకుంటాయి. నేను పుట్టినప్పుడు అమ్మకు జబ్బు చేస్తే నన్ను కృష్ణ ఒడ్డున ఆత్మకూరులో ఉండే అమ్మమ్మ దగ్గరికి పంపారు. పది పాసయ్యేదాకా అక్కడే ఉన్నాను. ఏటి నీళ్లు తాగి నేను తాటి మొద్దులా నిటారుగా పెరిగాను. అన్న ఊళ్లోనే ఉండి వంగిపోయాడు. మోకాళ్లు పూర్తిగా చాపుకోవు, పూర్తిగా ముడుచుకోవు. మెడ తిరగదు. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. నాకంటే కొంచెమే పెద్దవాడు, నడుస్తుంటే వెనక నుంచి చూసినవాళ్లు తాత అనుకునేవాళ్లు.

నాకు ఆ ఇంట్లో పళ్లు కనబడేలా నవ్వాలంటే సిగ్గయ్యేది. నా పళ్లు తెల్లగా ఉండేవి, వాళ్లందరి పళ్ల మీదా గోధుమరంగు గీతలు.

బాపుకు నల్లగొండలో ఒక ఆఫీసులో అటెండరు ఉద్యోగం వచ్చాక ఊరు విడిచి దేవరకొండ రోడ్డులో ఒక గది కిరాయికి తీసుకున్నారు. నేను ఇంటర్ చదవడానికి వచ్చి వాళ్లతో కలిశాను. అన్న పదో తరగతి మంచి మార్కులతో పాసై అక్కడే ఆగిపోయాడు. బస్సు మెట్లు ఎక్కలేడు, కాలేజీ మెట్లు ఎక్కలేడు. పొద్దంతా గడపలో కూర్చునేవాడు. తొవ్వెంట పోయే ప్రతి మనిషీ ఒక్క క్షణం ఆగి అయ్యో అని పోయేవాళ్లు. ఆడవాళ్లయితే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. అన్నకు ఆ అయ్యో అనే మాట వింటే ఒంటికి కారం రాసినట్టుండేది.

అంతకంటే ముందు ఊళ్లో ఉన్నప్పుడు ఓట్ల కాలం వచ్చిందంటే జీపులు దిగేవి. ఫ్లోరైడు మనుషులందరినీ బడి ముందు వరసగా నిలబెట్టి ఫోటోలు తీసుకునేవాళ్లు. అన్నను ఎప్పుడూ ముందు వరసలో పెట్టేవాళ్లు, అందరికంటే బాగా వంగినవాడు కాబట్టి. ఒకసారి ఫోటోగ్రాఫరు అంగీ విప్పమన్నాడట, వీపు కనబడాలని. అన్న విప్పాడు. కృష్ణ నీళ్లు వస్తాయన్నారు కదా, ఊరి కోసం విప్పాడు. ఆ తర్వాత చానా ఏళ్ల దాకా నీళ్లు రాలేదు. వాళ్లను నేను ఇంకా తిట్టడం ఆపలేదు, ఈ కాగితం మీద మాత్రం ఆపుతున్నాను.

అన్నను వీడియో గేముల మడిగెకు మొదటిసారి తీసుకుపోయింది నేనే. అది ఒకాయన రేడియోలు, టీవీలు బాగుచేసుకునే చిన్న గది. ఆయనను అందరం భాయ్ అనేవాళ్లం. సౌదీ నుంచి వచ్చిన వాళ్ల బావమరిది ఒక గేము డబ్బా తెచ్చిస్తే, బాగుచేయడానికి వచ్చి ఎవరూ తీసుకుపోని ఒక కలర్ టీవీకి దాన్ని తగిలించాడు. నెల తిరిగేసరికి రిపేరు పని మూలకు పోయింది, గేము ముందుకొచ్చింది. టీవీ ముందు ఒక చెక్క బల్ల. ఇద్దరు ఆడొచ్చు. మిగిలినవాళ్లు వెనక గోడకు ఆనుకుని నిలబడి తమ నంబరు కోసం చూడాలి. కరిగిన సీసం వాసన, చెమట వాసన, తలుపుకు అడ్డంగా పాత దుప్పటి.

భాయ్ పెట్టిన నియమాలు తక్కువ. చెప్పులు బయట విడవాలి, లోపల గుట్కా ఉమ్మొద్దు, ఆటలో దొంగ లైఫులు వాడొద్దు. వీటన్నిటికంటే పెద్దది ఇంకొకటి ఉండేది. ఓడినోడు లేవాలె. గెలిచినవాడు బల్ల మీద అట్లాగే ఉంటాడు, ఓడినవాడు లేచి వెనక నిలబడతాడు, గోడ దగ్గరున్న వాళ్లలో ముందువాడు వచ్చి కూర్చుంటాడు. ఎమ్మార్వో కొడుకైనా, ఆటో నడిపేవాడైనా ఇదే లెక్క. ఆ మాట ఎవరైనా గట్టిగా అనాల్సిన అవసరం కూడా ఉండేది కాదు. తెర మీద తన మనిషి పడిపోగానే వాడు గేము రిమోట్ కిందపెట్టి లేచేవాడు.

నాకు అయితే బల్ల మీద కూర్చున్న జ్ఞాపకం కంటే లేచిన జ్ఞాపకమే ఎక్కువ. నా ఆట అంత ఘోరం. గేములంటే చచ్చేంత పిచ్చి, చేతిలో మాత్రం మన్ను. నేను ఆడుతుంటే భాయ్ చూడలేక సీసం కరిగించుకునేవాడు.

అన్న మొదటిరోజు కొట్లాట గేము ముందు కూర్చున్నాడు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి తన్నుకునే ఆట అది. అతనికి బల్ల సరిగ్గా కుదిరింది. టీవీ ఎదురుగా ఉంది, మెడ తిప్పే పని లేదు. మోకాళ్లతో పని లేదు. నడుముతో పని లేదు. కావలసింది రెండు బొటనవేళ్లు, ఒక బుర్ర. వారం పది రోజులు ఓడాడు. ఓడిన ప్రతిసారీ నేనూ ఇంకొకడూ చంకల కింద చేతులేసి లేపేవాళ్లం, అతను నొప్పికి పళ్లు కొరికేవాడు, మాట మాత్రం బయటికి రానిచ్చేవాడు కాదు. ఆ తర్వాత ఓడడం మానేశాడు.

ఎట్లా మానేశాడో నేను చూశాను. ఎదుటివాడి చేతులను చూడడు, తెరను చూస్తాడు. ఎదుటివాడు ఎప్పుడు భయపడతాడో, భయపడితే ఏ బటన్ నొక్కుతాడో కనిపెట్టేవాడు. మూలకు నెట్టి ఒక్కటే తన్ను మళ్లీ మళ్లీ తన్నేవాళ్లంటే అతనికి పరమ అసహ్యం. అది ఆట కాదు, చెట్టుకు కట్టేసి కొట్టడం అనేవాడు. ఎదుటివాడు మూలలో ఇరుక్కుంటే తను ఒక అడుగు వెనక్కి వేసి వాణ్ని బయటికి రానిచ్చి అప్పుడు కొట్టేవాడు. భాయ్ అతనికి ఉస్తాద్ అని పేరు పెట్టాడు. మిర్యాలగూడ నుంచి, సూర్యాపేట నుంచి ఆటగాళ్లు ఉస్తాద్ తో ఒక్క ఆట అని వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లు ముందు అతని వంగిన వీపు చూసి కంగారుపడేవాళ్లు, ఆట అయిపోయాక తమ వేళ్లను తిట్టుకునేవాళ్లు. ఒక్కరు కూడా అయ్యో అనలేదు. అన్నకు కావలసింది అదొక్కటే. ప్రపంచంలో ఒక్క జాగాలో తనను ఓడించడానికి మనుషులు నిజంగా ప్రయత్నించాలి. ఆ మడిగె అతనికి అట్లాంటి జాగా.

పొద్దున నేను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తోసుకుంటూ తీసుకుపోయేవాణ్ని, మధ్యాహ్నం అన్నం వేళకు తెచ్చేవాణ్ని. దారిలో అన్న ఆటల గురించి చెప్పేవాడు. అతని అభిప్రాయాలు గట్టివి. దూకుతూ పోయే ఆటలు ఎంత బాగున్నా అందులో ఎదుటివాడు లేడు కాబట్టి అవి ఉత్త వ్యాయామం. విమానాల ఆటలు చప్పుడుకే పనికొస్తాయి. కారు పందేలు ఆడేవాళ్లకు ఓపిక ఉండదు. నేను కాదంటే సైకిలు ఆపించి మరీ వాదించేవాడు. మా తొవ్వంతా ఇదే. అన్నతో నేను అంత దగ్గరగా ఉన్నది ఆ సైకిలు మీదే, అతని మొహం నాకు కనబడకుండా.

తర్వాత తర్వాత అన్నకు వేళ్లలో తిమ్మిరి మొదలైంది. అన్నం కలుపుతుంటే ముద్ద జారేది. అంగీ గుండీలు అమ్మ పెట్టేది. పెద్ద దవాఖానకు పోతే మెడ ఎముక పెరిగి నరాన్ని నొక్కుతుందన్నారు. నీళ్లు మార్చండి అన్నారు. నీళ్లు మార్చి ఏళ్లయిందని బాపు చెబితే డాక్టరు తలకాయ ఊపి కాగితం మీద ఏదో రాసిచ్చాడు. అన్న ఒక్క మాటే అడిగాడు, బొటనవేళ్లు ఎంత కాలం ఉంటాయని. డాక్టరుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు.

ఆ రోజుల్లో కూడా మడిగెలో అన్న గెలుస్తూనే ఉన్నాడు. నాకు అదొక వింతగా అనిపించేది. పొద్దున నీళ్ల గ్లాసు పట్టలేని మనిషి అక్కడ కూర్చుంటే మళ్లీ ఉస్తాదే. ఆట మీద ప్రేమ అట్లా పని చేస్తుందనుకున్నాను. ఆట రానివాణ్ని, నాకు అంతకంటే ఏం తెలుస్తుంది? అన్న కూడా అట్లాగే అనుకున్నాడేమో. ఒకరోజు సైకిలు మీద, వేళ్లు పోయినా బుర్ర ఉన్నది తమ్మీ అన్నాడు. ఆనాడు అతని గొంతులో ఉన్న ధీమా నాకు ఇప్పటికీ వినబడుతుంది.

వేసవి సెలవుల్లో పాలమూరు నుంచి ఒక పిల్లగాడు చుట్టపుచూపుగా వచ్చాడు. మా మడిగెలో అన్న తర్వాత అంతటి ఆటగాడు ఒక ఐటీఐ విద్యార్థి ఉండేవాడు, ఈ పిల్లగాడు అతని మేనబావమరిది. నంబరు రాగానే వాడు వచ్చి అన్న పక్కన కూర్చున్నాడు. నేను గోడ దగ్గర నిలబడి ఉన్నాను. ఆట మొదలైన కొద్దిసేపటికే నాకు ఏదో తేడాగా అనిపించింది. తెర మీద అన్న మనిషి దెబ్బలు తింటున్నాడు. అడుగు వేయాల్సినప్పుడు వేయడం లేదు, చెయ్యి అడ్డం పెట్టాల్సినప్పుడు పెట్టడం లేదు. పాలమూరు పిల్లగాడేమీ గొప్ప ఆటగాడు కాదు, మామూలువాడు. అయినా అన్న మనిషి కిందపడ్డాడు. మళ్లీ లేచాడు, మళ్లీ పడ్డాడు.

మడిగెలో ఒక్కరూ మాట్లాడలేదు. ఎవరైనా ఉస్తాద్ ను ఓడిస్తే పైకప్పు లేచిపోవాలి. పాలమూరు పిల్లగాడు ఒక్కడే నవ్వుతూ వెనక్కి తిరిగాడు, మెచ్చుకుంటారని. ఐటీఐ అతను వచ్చి వాడి నెత్తి మీద ఒక్కటి వేశాడు.

"నీకెవ్వలు చెప్పలేదారా?"

"ఏం చెప్పాలె బావా?" అన్నాడు వాడు.

భాయ్ గబుక్కున వచ్చి టీవీ కట్టేశాడు, కరెంటు లో-వోల్టేజి ఉన్నదని ఏదో అన్నాడు. అదే ఆయన చేసిన పొరపాటు. మెడ తిరగని మా అన్నకు వెనక ఏం జరుగుతుందో ఎప్పుడూ కనబడదు. తెర నల్లబడితే మాత్రం ఆ అద్దంలో గోడ దగ్గరున్న వాళ్లందరూ కనబడతారు. నాకూ కనబడ్డారు. ఐటీఐ అతను నోటి మీద వేలు పెట్టి ఉన్నాడు. ఆటో నడిపేవాడు నేల చూస్తున్నాడు. మిగిలినవాళ్లందరి మొహాల మీద అన్న పుట్టినప్పటి నుంచి ఎరిగిన ఆ అయ్యో ఉంది.

అన్న రిమోట్ కిందపెట్టాడు. అతని చెయ్యి రిమోట్ ను వదలడానికి కూడా కొంచెం సేపు పట్టింది.

"తమ్మీ, ఓడిన. లేపు" అన్నాడు.

ఇద్దరు ముగ్గురు ముందుకొచ్చారు. అన్న వాళ్లను వద్దన్నాడు. నేనొక్కణ్నే లేపాను. దుప్పటి పక్కకు జరిపి బయటికి తెచ్చి సైకిలు మీద కూర్చోబెట్టాను. ఐటీఐ అతను చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలో మా వెంట వచ్చాడు. అతను ఏడుస్తున్నాడు. మోసం చేయాలని కాదట. వేళ్లు మందగించాక అన్న ఒకసారి తన చేతిలో ఓడాడట. లేపుతుంటే నొప్పికి కళ్లు తేలేశాడట. నేను ఆనాడు కాలేజీలో ఉన్నాను. ఓడితే లేవాలి, లేపితే నొప్పి, అందుకని ఇక ఓడనివ్వకపోతే సరిపోతుందని అతనికి తోచింది. ఆ తర్వాతి రోజు అతను కావాలనే ఓడిపోయాడు. అతణ్ని చూసి ఇంకొకరు, ఇంకొకర్ని చూసి అందరూ. కొత్తవాళ్లు వస్తే గుమ్మంలోనే చెవిలో చెప్పేవాళ్లట. నియమం మార్చి, ఉస్తాద్ ఓడినా కూర్చోవచ్చు అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ మాట ఎవరికీ తోచలేదు. ఓడినవాడు లేవకుండా ఉండడం ఆ మడిగెలో ఎవరి ఊహకూ అందని సంగతి. నియమాన్ని అట్లాగే ఉంచి ఆటనే చంపేశారు.

"లేపితే నొస్తది గదా అన్నా. గందుకే" అన్నాడు ఐటీఐ అతను.

నేను సైకిలు తోశాను. గడియారం దాటాక అన్న అడిగాడు, నువ్వు కూడా కావాలనే ఓడినవా అని. లేదన్నా, నాకు ఆట రాదు అన్నాను. అన్న నవ్వాడు. సైకిలు కదిలేంత నవ్వాడు. అది ఎప్పుడు ఏడుపైందో నాకు తెలియలేదు, నేను ముందు ఉన్నాను, అతను వెనక ఉన్నాడు.

ఆ తర్వాత అన్న మడిగెకు పోలేదు. వాళ్లంతా ఒకసారి ఇంటికి వచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు. అన్న లోపలి నుంచే పొమ్మన్నాడు. అమ్మ వాళ్లకు చాయ పోసి, మీరేం తప్పు చేశారు బిడ్డా అని పంపింది. అమ్మకు అందులో తప్పు కనబడలేదు. మా ఇంట్లో ఆ సంగతి మీద నేను, అమ్మ ఎన్నోసార్లు మాటామాటా అనుకున్నాం.

వానలు పడ్డాక భాయ్ ఒక పాత గేము డబ్బా, రెండు రిమోట్లు సంచిలో వేసుకుని వచ్చాడు. మా బ్లాక్ అండ్ వైట్ టీవీకి తనే తగిలించాడు. ఉస్తాద్, నీకు ఆడబుద్ధి కాకుంటే మీ తమ్మునికి నేర్పు, వాని ఆట సూసి నా కండ్లు పోతున్నయ్ అన్నాడు. అన్న ఆయనను కూర్చోమనలేదు, డబ్బాను మాత్రం తీసుకుపొమ్మనలేదు. ఆయన పోయాక నాతో, రా కూసో అన్నాడు.

నేర్పడం మొదలుపెట్టాక అన్న ఎంత కఠినుడో తెలిసింది. చిన్న తప్పు చేస్తే మొదటి నుంచి ఆడించేవాడు. నా చేతి మీద కొట్టే శక్తి అతనికి లేదు, అందుకని మాటతో కొట్టేవాడు. నువ్వు ఎదుటోన్ని సూస్తలేవు, నిన్ను నువ్వే సూసుకుంటున్నవ్ అనేవాడు. కాలేజీ నుంచి రాగానే పుస్తకాలు పడేసి కూర్చునేవాణ్ని. ఎందుకు అంత పట్టుదల అని నేను అడగలేదు, తెలుసు కాబట్టి. ఈ ప్రపంచంలో అబద్ధంగా ఓడే తెలివి లేనివాణ్ని నేనొక్కణ్నే. తనను నిజంగా ఓడించగల మనిషిని అతను తన చేతులతోనే తయారుచేసుకుంటున్నాడు.

చలికాలం వచ్చేసరికి నా వేళ్లకు ఆట అంటింది. అన్న వేళ్లు ఇంకా పోయాయి. కుడి బొటనవేలికి పాత బనీను గుడ్డ చుట్టుకునేవాడు, బటన్ మీద నుంచి జారకుండా.

ఒక ఆదివారం పొద్దున, అమ్మ చర్చికి పోయింది, బాపు ఊరికి పోయాడు. అన్న కిటికీ కింద గోడకు ఆనుకుని పీట మీద కూర్చున్నాడు. ఇద్దరం ఆడాం. నేను గెలిచాను.

గెలిచాక నాకు సంతోషం కలగలేదు. భయం వేసింది. నా ఆట బాగై గెలిచానా, అతని వేలు చచ్చి గెలిచానా? ఆ గుడ్డ చుట్టిన వేలు ఇంకా బటన్ మీదే ఉంది. అప్పటికీ తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

"మొత్తం పెట్టి ఆడినవా?" అన్నాడు అన్న.

"ఆడిన."

"అమ్మ మీద ఒట్టా?"

"ఒట్టు."

అన్న రిమోట్ కిందపెట్టాడు. నేను లేపడానికి చేతులు చాపాను.

"ముట్టకు. ఓడినోడు లేవాలె" అన్నాడు.

కిటికీ చువ్వ పట్టుకున్నాడు. వేళ్లు పట్టు నిలవక జారాయి. మణికట్టును చువ్వల మధ్య ఇరికించి లాగాడు. మోకాళ్లు కదలడం లేదు. వీపును గోడకు రాసుకుంటూ, అంగుళం అంగుళం పైకి పోయాడు. అంగీ పైకి లేచి గోడ గరుకుకు చర్మం గీరుకుంటోంది. నేను చూడాలో వద్దో తెలియలేదు. చూడకపోతే అదీ జాలే అవుతుందని చూశాను. పైకి లేచి నిలబడ్డాక అతని మొహం చెమటకు తడిసిపోయింది. ఎవరూ లేపకుండా అన్న లేవడం నేను చూసింది అదొక్కసారే.

నేను టీవీ కట్టబోయాను. వద్దన్నాడు. గోడ పట్టుకుంటూ నా వెనక్కి వచ్చాడు, మడిగెలో నంబరు కోసం చూసేవాళ్లు నిలబడినట్టే గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"మిషన్ తోని ఆడు. నువ్వు ఓడినంక నా నంబరు" అన్నాడు.

నేను ఆడడం మొదలుపెట్టాను. మిషన్ ఒక్కొక్క మనిషిని పంపుతోంది, నేను కొడుతున్నాను. ఒక ఆట అయిపోయి ఇంకొకటి మొదలయ్యే మధ్య తెర నల్లబడుతుంది. అప్పుడు అద్దంలో అన్న కనబడేవాడు. రెండు కాళ్లూ వణుకుతున్నాయి. ఒక్క ఆట ఓడిపోతే చాలు, అతను వచ్చి కూర్చుంటాడు. ఒక్క బటన్ ఆలస్యంగా నొక్కితే చాలు. ఐటీఐ అతను ఆనాడు బల్ల మీద కూర్చుని ఏం పడ్డాడో నాకు అప్పుడు తెలిసింది. అతణ్ని నేను ఎన్ని తిట్లు తిట్టానో కూడా గుర్తొచ్చింది. కళ్లలో నీళ్లు అడ్డం వచ్చి తెర సరిగ్గా కనబడలేదు, మోచేత్తో తుడుచుకుని మళ్లీ ఆడాను. అన్న నేర్పినట్టే ఆడాను, ఎదుటివాణ్ని చూస్తూ, వాడు మూలలో ఇరుక్కుంటే ఒక అడుగు వెనక్కి వేస్తూ.

తెర మళ్లీ నల్లబడింది. అన్న నిలబడే ఉన్నాడు. నేను ఓడలేదు.